అక్కడంటే ఎక్కడ?

ప్రతి మనిషికీ వేపకాయంత వెర్రి ఉంటుందంటారు. ఎక్కడ మాస్టారికి ఉన్నది గుమ్మడికాయంత. ఆయనకి దారి అడిగే జబ్బు. తెలియని దారి అడిగితే దాన్ని జబ్బని ఎవరంటారు? ఆయన తెలిసిన దారి అడిగేవారు. రోజూ నడిచే దారి అడిగేవారు. నిలబడ్డ చోటుకే దారి అడిగేవారు. బ్యాంకు గుమ్మంలో, బ్యాంకు బోర్డు కింద, బ్యాంకు గార్డు ముందు నిలబడి, "అయ్యా, ఇక్కడ బ్యాంకు ఎక్కడండీ?" అని అడిగిన మహానుభావుడు ఆయన. ఆ గార్డు ఉద్యోగానికి కొత్త. పాపం, తుపాకీ సర్దుకున్నాడు.

పోనీ చూపు ఆనదా అంటే, సూదిలో దారం మొదటిసారికే ఎక్కించేవారు. మతిమరుపా అంటే, ఎప్పుడో పాఠం చెప్పినవాళ్లని దగ్గు విని గుర్తుపట్టేవారు. అన్నిటికన్నా విచిత్రం, ఆయన ఉద్యోగమే దారి నేర్పడం. చూపు పూర్తిగా పోయినవాళ్లకీ, పోగా ఏ మూలో కాస్త మిగిలినవాళ్లకీ తెల్లకర్రతో వీధిలో ఒంటరిగా నడవడం నేర్పేవారు. ఆయన పనిచేసే చోట గేటు మీద 'దృష్టిలోప పునరావాస కేంద్రం' అని ఇంతేసి అక్షరాలతో బోర్డు ఉండేది. లోపలికి వచ్చేవాళ్లలో దాన్ని చదవగలిగినవాళ్లు దాదాపు లేరు కాబట్టి, అందరూ దాన్ని 'ఎక్కడ మాస్టారి బడి' అనేవారు.

ఆ బడికి లెక్కల టీచరు వచ్చింది ఓ వేసవి సెలవుల మొదట్లో.

లెక్కల టీచరంటే పక్కనున్న హైస్కూల్లో పిల్లలకి గుండె దడ. ఇరవయ్యేళ్లకు పైగా ఒకరిని ప్రశ్న వేసి నిలబెట్టడమే తప్ప, ఒకరిని అడగడం ఎరగని మనిషి. కంటి లోపలి పొర పాడై, ఏడాది తిరక్కుండా కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో ఓ మూల కాస్త వెలుతురు మిగిలింది. ఆ వెలుతురుతో కిటికీ ఎటుందో తెలిసేది, కిటికీ దగ్గర నిలబడింది మనిషో పరదానో తెలిసేది కాదు. ఓసారి పరదాని కూర్చోమని మర్యాద చేసింది కూడా.

ఆవిడ భర్త కరెంటాఫీసులో గుమస్తా. మంచివాడు. ఆ మంచితనమే ఆవిడ ప్రాణం మీదికొచ్చింది. కాఫీ ఆయనే కలిపి, ఆయనే ఊది, ఆయనే చేతికిచ్చి, "వేడిగా ఉంది, జాగ్రత్త" అనేవాడు. దువ్వెన చేతికిచ్చి తల ఎటుందో కూడా చెప్పేవాడు. ఇంట్లో ఆవిడ చేయడానికి మిగిలిన పనల్లా ఊపిరి పీల్చుకోవడమే.

మొదటిరోజు ఆలుమగలిద్దరూ కేంద్రం ముందు గదిలో కూర్చుని ఉండగా, వాకిట్లో చెప్పులు టపటపలాడాయి. ఓ గొంతు, "అమ్మాయీ, నా గది ఎక్కడ?" అంది.

బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి తల ఎత్తకుండా, ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది. "లోపలికి రాగానే కుడి గోడ పట్టుకుని వెళ్లండి, మొదటి తలుపు స్టోర్ రూము, అది వదిలెయ్యండి, తర్వాత నీళ్ల మెషీను గుర్రుమంటూ ఉంటుంది, దాన్ని దాటగానే మీ గదే, తలుపు లోపలికి తెరుచుకుంటుంది."

"సంతోషం తల్లీ" అంటూ ఆ చెప్పులు వెళ్లిపోయాయి.

"కొత్తగా చేరారా ఆయన?" అని టీచరు అడిగింది.

"కొత్తా? ఈ బిల్డింగు కట్టకముందు నుంచీ ఉన్నారు మేడమ్."

"మరి తన గది తనకి తెలియదా?"

"రోజూ అడుగుతారు. నేను చేరిన కొత్తలో 'అదిగో, అక్కడ' అన్నాను. 'అక్కడంటే ఎక్కడ?' అన్నారు. వేలు పెట్టి చూపించాను. టక్కున కళ్లు మూసుకుని, 'నీ వేలు నాకు వినబడటం లేదమ్మా' అన్నారు. ఆ రోజు నుంచీ నోటికొచ్చేసింది. నిద్రలో లేపి అడిగినా చెప్తా."

లెక్కల టీచరు భర్త వైపు వంగి, "దారి తెలియనాయన చేతిలో పెడుతున్నారు నన్ను. ఇంక నేను ఇల్లు చేరినట్టే" అంది.

కాసేపటికి పిలుపొచ్చింది. భర్త అలవాటు ప్రకారం ఆవిడ మణికట్టు పట్టుకుని బరబరా గదిలోకి నడిపించాడు. లోపల అడుగు పెట్టారో లేదో మాస్టారి మొదటి ప్రశ్న ఆయన మీద పడింది.

"బాబూ, మీరు ఈవిడని పెళ్లి చేసుకున్నారా, అరెస్టు చేశారా?"

భర్త చెయ్యి వదిలేశాడు. మాస్టారు టీచరుని భర్త మోచెయ్యి పట్టుకోమన్నారు. "ఆయన ముందు, మీరు అరడుగు వెనక. ఆయన మెట్టు ఎక్కితే మోచెయ్యి చెప్తుంది. తిరిగితే మోచెయ్యి చెప్తుంది. ఎవరూ మిమ్మల్ని లాగక్కర్లేదు. ఎప్పుడు వదలాలన్నా మీ చెయ్యి, మీ ఇష్టం." మాట చిన్నదే. కానీ ఆ ఏడాదంతా ఆవిడ చెయ్యి ఆవిడదని అన్నవాళ్లు లేరు. టీచరు ఆ మోచెయ్యి ఓసారి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది.

తర్వాత మాస్టారు తన కండువా తీసి భర్త కళ్లకి కట్టి, కెటిల్లో టీ గ్లాసులోకి పోయమన్నారు.

"గ్లాసు ఎక్కడుంది?" అన్నాడు భర్త బల్లంతా తడుముతూ.

"చెప్పండి టీచరుగారూ, గ్లాసు మీ ముందే పెట్టాను" అన్నారు మాస్టారు.

లెక్కల టీచరు చేత్తో తడిమి గ్లాసు చూసుకుంది. ఏడాదిగా తను విన్న మాటే భర్తకి తిరిగి ఇచ్చింది. "అక్కడ."

"అక్కడంటే ఎక్కడే?" అని భర్త అరిచాడు. టీ సగం బల్ల మీద, సగం ఆయన ఒళ్లో పోయింది. టీచరు నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఒళ్లు కాలుతున్నా, పెళ్లాం నవ్వు విని ఆ మంచివాడు కండువా విప్పుకోవడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రమే ఆవిడ మాస్టారికి తన సంగతి చెప్పింది. స్కూల్లో హెడ్మిస్ట్రెస్ చెడ్డమనిషి కాదు. "మీరు పాఠం చెప్పలేరని నాకు బెంగ లేదు. మీరు బోర్డు వైపు చూడకుండానే వృత్తం గీసేవారు. నా బెంగంతా రాకపోకల గురించే. రోజూ ఎవరో తీసుకురావాలి, తీసుకెళ్లాలి అంటే ఎన్నాళ్లు సాగుతుంది? బడి తెరిచిన రోజు ఒక్కరే రండి, మీ తొమ్మిదో తరగతి మీదే. రాలేకపోతే లైబ్రరీలో కుర్చీ వేయిస్తా, హాయిగా కూర్చోండి" అంది. లైబ్రరీలో చూపు లేని లెక్కల టీచరు ఏం చేస్తుంది? పుస్తకాలకి తోడుగా కూర్చుంటుంది. ఆ కుర్చీని తలుచుకుంటేనే ఆవిడకి ఒళ్లు చల్లబడేది.

"స్కూలు ఎక్కడ?" అన్నారు మాస్టారు.

"ఈ బజారు వీధి చివరే. మీకు తెలియదా?"

"తెలియదు. చెప్పండి."

ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా చెప్పింది. "బస్సు దిగి, ఎడమ వైపు గోడ వెంబడి వీధి చివరిదాకా నడిచి, పండ్ల బండి దగ్గర కుడి సందులోకి తిరగాలి."

"భేష్! దారి సగం వచ్చేసింది మీకు" అన్నారాయన.

పాఠాలు మొదలయ్యాయి. లెక్కల బుర్ర కాబట్టి కర్ర పని ఇట్టే పట్టుబడింది. కుడి కాలు వేస్తే కర్ర ఎడమకి, ఎడమ కాలు వేస్తే కుడికి. గోడ అంచు వెంట కర్ర జరుపుతూ నడవడం, గోడ ఆగిపోతే సందు వచ్చిందని తెలుసుకోవడం, ఎదురుగా ఖాళీ ఉందో అడ్డు ఉందో మోత విని పోల్చుకోవడం నేర్చుకుంది. టైర్ల షాపులో గాలి కొట్టే మెషీను ఒక గుర్తు. తాళాలు చేసే ఆయన ఆకురాయి చప్పుడు ఒక గుర్తు. మందుల షాపు అద్దాల తలుపు లోంచి తగిలే చల్లగాలి ఇంకో గుర్తు. ఇంట్లో స్టవ్ మీట మీద మంట తగ్గించే చోట చిన్న బొడిపె అంటించుకుంది. కాఫీ తనే కలుపుకుంది. భర్త ఊదబోతే, "ఆ ఊదేదేదో మీ కప్పులో ఊదుకోండి" అంది.

అక్కడ ఆవిడకి తోడు ఓ లారీ డ్రైవరు. షుగరు జబ్బు కళ్ల మీదకొచ్చి చూపు పోగొట్టుకున్నాడు గానీ, నోరు చెక్కు చెదరలేదు. వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడల్లా నోటితో రివర్స్ హారన్ కొట్టేవాడు. మాస్టారి కథలన్నీ అతని దగ్గరే ఉండేవి.

"మీకు తెలుసా టీచరమ్మా, మాస్టారు తన పెళ్లికి తనే దారి అడుక్కుంటూ వెళ్లారట. పెళ్లికూతురు తండ్రే ఎదురొచ్చి చెప్పాడట దారి. ఇంట్లో మాత్రం తక్కువా? ఉప్పు ఎక్కడ అంటే ఆవిడ 'అక్కడే' అందట. చప్పిడి కూడే తిని లేచారట. అప్పట్నుంచీ ఆ మహాతల్లి, 'స్టవ్వుకి కుడిపక్క, పై అర, ఎడమ చివర, మూత బిగుతు' అని చెప్తుందట."

వీధిలోకి వెళ్తే ఇంకా గోల. మాస్టారు ప్రతి షాపు దగ్గరా ఆగేవారు.

"పండ్లమ్మా, హైస్కూలు ఎక్కడ?"

"మళ్లీ వచ్చారూ! పొద్దున్నే బేరం లేదు గానీ ఇది మాత్రం తప్పదు. నా బండికి ఎదురుగా నిలబడి కుడిచేతి వైపు తిరగండి, సందు మొదట్లో మురిక్కాలవ రేకు ఉంది, కాలు వేస్తే ఊగుతుంది, అది దాటి గోడ పట్టుకుపోండి, ఇనప గేటు తగులుతుంది. చాలా?"

"గేటు ఏ వైపు తెరుచుకుంటుంది?"

"బయటికి! చెవిలో జోరీగలా రోజూ ఏంటండీ ఈ నస!"

ఒక్కోసారి ఎవరైనా ఆగి టీచరుని చూసి, "అయ్యో పాపం" అనేవాళ్లు. మాస్టారు వెంటనే వాళ్ల వైపు తిరిగి, ఎంతో వినయంగా, "అయ్యో పాపం కుడివైపా అండీ, ఎడమవైపా?" అని అడిగేవారు. ఆ మనిషి బిత్తరపోయి, "అంటే... నా ఉద్దేశం..." అని నసిగేవాడు. "ఉద్దేశం సరేనండీ, ఎటు తిరగాలి?" వీధి అంతా నవ్వేది. టీచరు మాత్రం తలవంచుకునేది. ఈయన వెర్రితో నా పరువు కూడా పోతోంది అనుకునేది.

ఎందుకంటే ఆవిడకి అడగడమంటేనే చెడ్డ చిరాకు. చూపు పోయిన కొత్తలో ఓసారి బస్సులో ధైర్యం చేసి, "దిగే గుమ్మం ఎటండీ?" అని అడిగింది. పక్కాయన గుమ్మం సంగతి వదిలేసి, "అయ్యో పాపం, కళ్లు కనబడవా? చిన్న వయసే! ఇంట్లో ఎవరూ లేరా?" అని బస్సు బస్సంతటికీ వినబడేట్టు వాపోయాడు. బస్సంతా నిట్టూర్చింది. ఆవిడ దిగాల్సిన చోటు దాటిపోయింది. అంతే, ఆ రోజుతో అడగడం మానేసింది.

అందుకే వీధి పాఠాల్లో దారి తప్పితే తనే తడుముకునేది గానీ నోరు విప్పేది కాదు. ఓ రోజు మాస్టారు దూరంగా నిలబడి ఒంటరిగా నడవమన్నారు. ఆవిడ మూసిన షట్టరు ముందు చిక్కుకుని, అటా ఇటా తేలక, చినుకులు పడుతున్నా అక్కడే నిలబడిపోయింది. జానెడు దూరంలో తాళాలాయన ఆకురాయి చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా పెదవి విప్పలేదు. చివరికి మాస్టారే గొడుగు పట్టుకుని వచ్చారు.

"అడగొచ్చు కదమ్మా."

"నేనే కనుక్కుంటాను."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు."

"అమ్మ పెట్టకపోతే పస్తుంటాను" అంది ఆవిడ. మాట అనేశాక తనకే కాస్త సిగ్గేసింది. "మీకు అలవాటు మాస్టారూ. నాకు సిగ్గు."

"సిగ్గు నాకూ ఉండేదమ్మా. ఎక్కడో పెట్టాను. ఎక్కడ పెట్టానో ఇన్నేళ్లుగా అందరినీ అడుగుతున్నా, ఒక్కరూ చెప్పడం లేదు" అన్నారు మాస్టారు. ఆవిడకి నవ్వొచ్చింది, కానీ ఆ రోజుకి నవ్వు ఆపేసుకుంది.

సెలవులు అయిపోవచ్చాయి. బడి తెరిచే ముందురోజు మాస్టారు, "రేపు నేను మీ వెనక రాను. నాకు వేరే పనుంది" అన్నారు. ఆ పని ఏమిటో తర్వాత తెలిసింది. భర్త దొంగచాటుగా వెంట వెళ్లాలని అంతకుముందే కరెంటాఫీసుకి సెలవు పెట్టాడు. మాస్టారు తెల్లారేసరికి వాళ్ల గుమ్మంలో నిలబడి, "బాబూ, నాకు స్టేషను దారి తెలియదు, కాస్త తీసుకెళ్లండి" అని ఆయన్ని ఊరి రెండో చివరికి లాక్కుపోయారు. దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ స్టేషను ఎక్కడని అడిగారు. ఆ భర్త ఆ పూటంతా వదిలించుకోలేకపోయాడు.

లెక్కల టీచరు బస్సు దిగింది. ఎడమ వైపు గోడ తగిలింది. గుండె కుదుటపడింది. కర్ర జరుపుతూ ధీమాగా నడిచింది. కాసేపటికి గోడ ఉండాల్సిన చోట మెత్తగా ఏదో తగిలింది. మట్టి. పక్కకి జరిగింది. అక్కడా మట్టే. నీళ్ల గొట్టాల కోసం రాత్రికి రాత్రి వీధి తవ్విపోశారు. టైర్ల షాపు గాలి మెషీను కోసం చెవులు రిక్కించింది. వినబడలేదు. రోడ్డు పగలగొట్టే మెషీను ఒకటి వీధిలో ఉన్న చప్పుళ్లన్నిటినీ మింగేసింది. ఆకురాయి లేదు, చల్లగాలి లేదు. కుప్ప చుట్టూ తిరగబోయి తిరగబోయి, తను వచ్చింది ఎటో వెళ్లాల్సింది ఎటో కూడా తెలియకుండా పోయింది.

పనివాళ్లు టీ కోసం మెషీను ఆపారు. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా స్కూలు మొదటి గంట మోగింది. రెండో గంటకి ఆవిడ గేట్లో లేకపోతే లైబ్రరీ కుర్చీ సిద్ధంగా ఉంది.

ఆవిడ నోరు తెరిచింది. తొమ్మిదో తరగతిని గడగడలాడించిన గొంతు పిల్లికూన గొంతులా వచ్చింది.

"ఏవండీ... హైస్కూలు ఎక్కడండీ?"

అని, అయ్యో పాపం కోసం పళ్లు బిగబట్టింది.

"ఎవరూ, టీచరమ్మా? అక్కడే ఆగండి, కాలు కదపకండి" అని ఓ బొంగురు గొంతు పలికింది. "కుడి పక్క గుంత ఉంది. కర్ర ఎడమకి చాపండి. రేకు మోగిందా?"

"మోగింది."

"నా షట్టరే అది. టైర్లవాణ్ణి. దాన్ని పట్టుకుని ముందుకి రండి. రేకు అయిపోగానే మెట్టు దిగాలి. చూసుకుని... ఆఁ, దిగారు. నా హద్దు అయిపోయింది. ఒరేయ్ తాళాలూ, అందుకో!"

"అందుకున్నా!" అంది ఇంకో గొంతు ముందు నుంచి. "టీచరమ్మా, నా గొంతు మీదకి నడిచి రండి. కుడిపక్క మట్టి, ఎడమపక్క నేల చదునే. మధ్యలో చెక్క వేశారు, ఊగుతుంది, భయపడకండి, నేను పొద్దున్నుంచీ దాటుతున్నా. నన్నే మోసింది, మిమ్మల్ని మొయ్యదా?"

ఒక్కరూ చెయ్యి పట్టుకు లాగలేదు. ఒక్కరూ నిట్టూర్చలేదు. ఒక గొంతు ఆవిడని ఇంకో గొంతుకి అప్పగిస్తోంది. మందుల షాపాయన లోపల్నుంచి, "చల్లగాలి తగిలిందా? అయితే సరిగ్గా వస్తున్నారు" అని కేకేశాడు. టీచరు కర్ర మళ్లీ ధీమాగా ఆడసాగింది.

అప్పుడు కొత్త గొంతు ఒకటి అడ్డం వచ్చింది. గొట్టాల పని చేయించే మేస్త్రీ. పొరుగూరివాడు, ఈ వీధికి ఆ రోజే వచ్చాడు. "స్కూలుకా అమ్మా? అదిగో, అక్కడ!"

 మరుక్షణం టైర్లు, తాళాలు, మందులు, పండ్లు, పేరు తెలియని గొంతులు ఇంకో నాలుగు, అన్నీ కలిసి ఒకేసారి అరిచాయి.

"అక్కడంటే ఎక్కడ?"

మేస్త్రీ చేతిలో టీ ఒలికింది. "అదే... ఆ పసుపు గోడ..."

"గోడ రంగు ఎవడిక్కావాలయ్యా? కుడా, ఎడమా?"

"అయ్యో పాపం, ఆవిడకి చూపు లేదా?"

"అయ్యో పాపం కుడివైపా, ఎడమవైపా?" అంది పండ్లమ్మ, అచ్చు మాస్టారి వినయంతో.

లెక్కల టీచరు మట్టి మధ్యలో, చెక్క మీద నిలబడి, పగలబడి నవ్వింది. నవ్వులో కళ్ల నీళ్లు కూడా వచ్చాయి. ఆ సెలవులంతా తన పరువు తీస్తున్నాడనుకున్న మనిషి ఏం చేస్తున్నాడో ఆవిడకి అప్పుడర్థమైంది.

పండ్ల బండి దగ్గరికి చేరాక అడిగింది. ఇప్పుడు అడగడానికి నోరు బాగానే వస్తోంది. "ఇలా చెప్పమని మీకు మాస్టారు నేర్పారా?"

"నేర్పడమా? చంపుకు తిన్నారమ్మా! మొదట్లో ఆయన్ని చూస్తే షట్టర్లు దించేసేవాళ్లు. చెయ్యి చూపిస్తే కళ్లు మూసుకునేవారు, 'అల్లంత దూరం' అంటే 'ఎల్లంత?' అనేవారు. ఒకరోజు ఒళ్లు మండి అడిగేశా, దారి తెలిసీ ఎందుకయ్యా మా ప్రాణం తీస్తావని. 'నాకు తెలుసమ్మా. నా వెనకాల వచ్చేవాళ్లకి తెలియదు. వాళ్లు గుండె చిక్కబట్టుకుని ఒక్కసారే అడుగుతారు. ఆ ఒక్కసారి మీరు చెయ్యి చూపించినా, అయ్యో అన్నా, ఇంక జన్మలో ఎవరినీ అడగరు. నా బాధ అదీ' అన్నారు."

టీచరుకి ఆనాటి బస్సు గుర్తొచ్చింది.

"మరి ఇంతకాలం నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నారు. తెలిస్తే మేం జాలిపడి చెప్తున్నామని మీరు అనుకుంటారట. విసుక్కుంటూ చెప్తేనే మర్యాదగా ఉంటుందట. నాకు విసుక్కోవడం చేతకాదా ఏంటి? వెళ్లండి వెళ్లండి, కుడికి తిరగండి, కాలవ రేకు ఊగుతుంది, గేటు బయటికి తెరుచుకుంటుంది. నా బేరాలు పాడు చేయకండి!"

ఊగే రేకు ఊగింది. గోడ తగిలింది. ఇనప గేటు చేతికి చల్లగా తగిలేసరికి రెండో గంట మొదలైంది.

"టీచరుగారూ!" హెడ్మిస్ట్రెస్ గొంతు పరుగెత్తుకుంటూ వచ్చింది. "వీధంతా తవ్విపోశారని ఇప్పుడే విన్నాను. ఎలా వచ్చారండీ?"

"అడిగి వచ్చానండీ" అంది టీచరు. చెప్పుల నిండా మట్టి. ఆవిడ తొమ్మిదో తరగతి ఆవిడ కోసం లేచి నిలబడ్డ చప్పుడు వరండా దాకా వినబడింది. బోర్డు తుడిచే గుడ్డ ఏదని అడిగితే ముందు బెంచీ నుంచి ఎవరో, "అక్కడుంది టీచర్" అన్నారు. తర్వాత ఏం జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ పూట ముగిసేసరికి క్లాసు క్లాసంతా కుడీ ఎడమా లేకుండా మాట్లాడటం మానేసింది.

సాయంత్రం వరండాలో చెప్పులు టపటపలాడాయి.

"అమ్మా, ఇక్కడ లెక్కల టీచరుగారు ఎక్కడుంటారండీ?"

"మీరు నిలబడ్డ చోటు నుంచి తిన్నగా చెయ్యి చాపండి మాస్టారూ, తగులుతారు" అంది టీచరు.

"వచ్చేశారన్నమాట!" ఆయన గొంతు మామూలుగానే ఉంది. చెప్పులు మాత్రం ఒకచోట నిలవడం లేదు. "మీవారు గేటు దగ్గర కూలబడ్డారు. పాపం, బాగా నడిచారివాళ."

ఆవిడ పొద్దున్నుంచీ మాటలు కూర్చుకుని ఉంచుకుంది. "మాస్టారూ, పండ్లమ్మ అంతా చెప్పేసింది."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఏం చెప్పిందేమిటి?"

"మీరు నాకు నడక నేర్పుతున్నారనుకున్నాను. నాకోసం వీధి వీధికే మాట నేర్పారు. మీ వెర్రి చూసి సిగ్గుపడ్డాను నేను. ఇవాళ ఆ వెర్రే లేకపోతే ఆ మట్టిలోనే ఉండిపోయేదాన్ని. ఎంత దణ్ణం పెట్టినా మీ రుణం..."

"అది సరే గానీ," మాస్టారు గాభరాగా అడ్డొచ్చారు, "ఇంతకీ బయటికి గేటు ఎక్కడమ్మా?"

"ఇప్పుడు దాంట్లోంచేగా వచ్చారు!"

"వచ్చానా? కొత్త చోటు, మరిచిపోయాను."

గేటు ఆయనకి ఎదురుగానే ఉంటుందని ఆవిడకి తెలుసు. నిజంగానే మరిచిపోయారో, పొగడ్త తప్పించుకోవడానికి దారి అడిగారో మాత్రం తెలియలేదు. అన్నీ అడగడం నేర్చుకున్న మనిషి అదొక్కటీ అడగకుండా ఊరుకుంది. కర్ర కుడిచేతిలోకి మార్చుకుని ఎడమ మోచెయ్యి చాపింది.

"పట్టుకోండి. మణికట్టు కాదు, మోచెయ్యి. మిమ్మల్ని అరెస్టు చేయడం లేదు. అరడుగు వెనక నడవండి."

మాస్టారు బుద్ధిగా పట్టుకున్నారు. తెల్లకర్ర పట్టుకున్న ఆవిడ ముందు, సూదిలో దారం ఎక్కించే ఆయన వెనక, ఇద్దరూ ఆటస్థలం దాటుతుంటే హెడ్మిస్ట్రెస్ కిటికీలోంచి చూసి కంగారుగా పిలిచింది.

"ఎవరండీ టీచరుగారూ ఆయన? చూపు లేదా?"

"చూపు భేషుగ్గా ఉందండీ. దారే తెలియదు."

"అయ్యో పాపం!"

గురువూ శిష్యురాలూ ఒక్కసారే కిటికీ వైపు తిరిగారు.

"కుడివైపా, ఎడమవైపా?"

హెడ్మిస్ట్రెస్ కిటికీలోంచి తల బయటపెట్టి కుడికీ ఎడమకీ చూసింది. వాళ్లిద్దరూ గేటు దాకా నవ్వుకుంటూనే నడిచారు. గేటు ఎప్పటిలాగే బయటికి తెరుచుకుంది.